చంద్రుని నవ్వు, నీలాపనింద: స్థూలదేహంపై లోకం చెప్పే తీర్పు

మంత్రగత్తెల వేట అన్న మాటను చరిత్రకారులు ముఖ్యంగా ఐరోపాలో సుమారు 1450 నుంచి 1750 వరకు సాగిన విచారణలకు వాడతారు. ఆ మూడు శతాబ్దాలలో 40,000 నుంచి 60,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయారనీ, వారిలో అత్యధికులు స్త్రీలేననీ వారి అంచనా. సమాజశాస్త్రంలో ఆ మాట ఇంకా విస్తృతమైన అర్థంలో చెల్లుతుంది. తేలికగా కారణం చెప్పలేని కష్టమేదో ఊరికి వచ్చిపడినప్పుడు, దాని భారాన్ని ఒక మనిషి మీద మోపి, ఆ మనిషి దేహంలోనో నడతలోనో కనిపించిన గుర్తునే సాక్ష్యంగా తీసుకొని, కాదన్న మాటను కూడా నేరానికి రుజువుగానే లెక్కగట్టి, నిందించినవారంతా ఆ నిందతోనే తమ శుద్ధిని చాటుకునే వ్యవహారాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఒళ్లు ఎక్కువగా ఉన్నవారి మీద నేటి సమాజం చెప్పే తీర్పు ఈ నిర్వచనంలోకి ఎంతవరకు వస్తుంది, వస్తే దాని గురించి తెలుగువారి ధర్మచింతన ఏమి చెబుతుంది అన్న రెండు ప్రశ్నలు ఈ వ్యాసానికి విషయం.

ఈ వేట తెలుగు నేలకు కొత్తది కాదు. ఉత్తరాంధ్రలో చిల్లంగి అనీ, తెలంగాణలో బాణామతి అనీ, అంతటా చేతబడి అనీ పిలిచే నమ్మకం ఒకటే: ఇంట్లో వరుసగా జ్వరాలు వచ్చినా, పసిబిడ్డ పోయినా, పాడి పశువు పడిపోయినా, దాని వెనుక ఎవరో గిట్టనివారి ప్రయోగం ఉందని అనుకోవడం. అనుమానం వచ్చాక అది ఎవరి మీద వాలుతుందన్నది చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. ఒంటరి వితంతువు, నోరున్న ముసలమ్మ, పొలం గట్టు తగాదా ఉన్న దాయాది, నలుగురిలో కలవని మనిషి ఆ అనుమానానికి మొదట గురవుతారు. బాణామతి నెపం పడినవారి పళ్లు ఊడగొట్టిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో అనేకం జరిగాయి. పళ్లు లేకపోతే మంత్రాక్షరాలు సరిగా పలకవని, పలకకపోతే ప్రయోగం పారదని ఆ క్రూరత్వం వెనుక ఉన్న తర్కం. జాతీయ నేర గణాంక సంస్థ హత్యలకు గల కారణాలను వర్గీకరించే పట్టికలో మంత్రవిద్య నెపాన్ని నేటికీ ఒక వేరే పద్దుగా చూపవలసి వస్తున్నదంటే, ఆ తర్కం ఇంకా చావలేదన్నమాట.

ప్రాణాలు తీసిన ఆ హింసను, పెళ్లి పందిట్లో విసిరే ఒక ఎకసెక్కపు మాటను ఒకే గాటన కట్టడం అన్యాయమని ఎవరైనా ఆక్షేపించవచ్చు; ఆ ఆక్షేపణలో నిజం ఉంది. మంత్రగత్తె అన్నది లేని వస్తువు, స్థూలకాయం కంటికి కనిపించే వస్తువు. చేతబడికి వైద్యశాస్త్రంలో చోటు లేదు. అధిక బరువు మధుమేహానికి, రక్తపోటుకు, మోకాళ్ల అరుగుదలకు దోహదం చేస్తుందని వైద్యశాస్త్రం రుజువులతో చెబుతున్నది. కనుక పోలిక దేహం వరకు నిలవదు. అయితే లోకం ఇచ్చే తీర్పు దేహం దగ్గర ఆగడం లేదు. ఆ దేహం వెనుక సోమరితనం, జిహ్వచాపల్యం, మనోనిగ్రహం లేకపోవడం ఉన్నాయని అది నిశ్చయంగా చెబుతుంది. ఈ మూడూ మంత్రగత్తె శక్తి వలెనే ఎవరి కంటికీ కనిపించనివి, తూకానికి దొరకనివి, చూపుతోనే రుజువైపోయినట్టు భావించబడేవి. కనిపించే దేహం నుంచి కనిపించని శీలాన్ని చదివే ఆ ఒక్క అడుగు దగ్గర పోలిక అక్షరాలా సరిపోతుంది.

అనకాపల్లి పక్కనే ఉన్న తుమ్మపాల వంటి ఊళ్లో ఏ శుభకార్యంలోనైనా ఈ విచారణ ఎలా నడుస్తుందో చూడవచ్చు. చాలాకాలానికి కనిపించిన ఆడపిల్లను వరసకు పిన్ని అయ్యే ఆవిడ ఎగాదిగా చూసి, “ఏటమ్మా, ఇలా ఒళ్లు చేసీసినావు, అన్నం ఎక్కువ తింతన్నావేటి?” అని నలుగురి మధ్యా అడుగుతుంది. ఆ అమ్మాయి నొచ్చుకుంటూనే, “లేదు పిన్నీ, థైరాయిడ్ ఉంది, మందులు వాడతన్నాను” అని జవాబు చెబుతుంది. “అందరూ అదే అంతారు” అని పక్కనున్న మరొకరు నవ్వుతారు. మూడు మాటల్లో విచారణ ముగిసింది: అభియోగం మోపారు, నిందితురాలు కాదన్నది, ఆ కాదనడమే కపటానికి గుర్తు అని తేల్చారు. ఆ తరువాత విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్ల మారు వడ్డించుకుంటే నేరం రుజువైనట్టు, వద్దంటే “మన ముందు వద్దంటుంది గానీ” అన్న మరో అనుమానానికి తావిచ్చినట్టు. నీటిలో ముంచినప్పుడు తేలితే మంత్రగత్తె, మునిగితే నిర్దోషి అని తేల్చిన ఐరోపా జలపరీక్షలో నిర్దోషికైనా ఊపిరాడలేదన్నది ఇక్కడ గుర్తుకు రావలసిన సంగతి.

ఆ కాలపు ఐరోపాలో మరొక పరీక్ష తక్కెడతో జరిగేది. మంత్రగత్తెలు గాలిలో ఎగరగలిగేంత తేలికగా ఉంటారన్న నమ్మకం వల్ల అనుమానితులను తూచి చూసేవారు. నెదర్లాండ్స్‌లోని ఔదెవాటర్ పట్టణపు తూనికల ఇల్లు ఇందుకు ప్రసిద్ధి పొందింది. దూరప్రాంతాల నుంచి వచ్చినవారిని అక్కడ నిజాయితీగా తూచి, వారి బరువు వారి శరీరానికి తగినట్టే ఉన్నదని ధ్రువపత్రం ఇచ్చేవారు. ఆ పత్రం చేతిలో ఉంటే సొంత ఊళ్లో ప్రాణభయం తీరేది. ఆ భవనం ఇప్పుడు మ్యూజియంగా ఉంది. నాడు తేలిక నేరమైతే నేడు బరువు నేరమైంది. దేహాన్ని తూచి మనిషి మంచిచెడ్డలు తేల్చవచ్చునన్న భ్రమ మాత్రం మారలేదు.

నేటి ధ్రువపత్రం దేహద్రవ్య సూచిక రూపంలో వస్తుంది. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. 1830లలో దీనికి ఆధారమైన నిష్పత్తిని కనిపెట్టిన అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కాడు, బెల్జియం దేశపు ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. ఆయన వెదికింది జనసమూహంలో సగటు మనిషి లెక్క కోసమే గాని ఏ ఒక్కరి ఆరోగ్యాన్నో కొలవడానికి కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. 2025 జనవరిలో లాన్సెట్ వైద్యపత్రిక వేసిన నిపుణుల సంఘం ఈ ఒక్క సంఖ్యతో రోగనిర్ణయం చేయరాదనీ, అధిక కొవ్వు ఉన్నా అవయవాలు చక్కగా పనిచేస్తున్న స్థితిని, అవయవాలకు నష్టం జరిగిన స్థితిని వేరువేరుగా చూడాలనీ సూచించింది. దేహం గురించే ఆ సంఖ్య పూర్తి సాక్ష్యం చెప్పలేనప్పుడు, దాన్ని పట్టుకొని శీలం గురించి సాక్ష్యం చెప్పించడం ఏ న్యాయానికీ నిలవదు.

తెలుగువారి మతాచారంలో తక్కెడకు ఇంకో వాడుక ఉంది. మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతరకు వెళ్లే భక్తులు మొక్కుబడిగా తమ బరువుకు సమానమైన బెల్లాన్ని తూచి సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. ఆలయాలలో తులాభారం పేరుతో బిడ్డ ఎత్తు బెల్లమో పటికబెల్లమో నాణేలో ఇచ్చే ఆచారం కూడా అటువంటిదే. ఆ తక్కెడలో మనిషి ఎంత బరువుంటే దేవతకు అంత ఎక్కువ కానుక చేరుతుంది. బరువు అక్కడ ఎవరి తప్పుకూ కొలత కాదు, మనిషి తన్ను తాను పూర్తిగా సమర్పించుకోవడానికి కొలత. దిమ్మలు దిమ్మలుగా బెల్లం కాటాకెక్కే అనకాపల్లి మార్కెట్టు ఉన్న సీమలో ఈ భేదం తెలియని ఇల్లు ఉండదు.

అసలు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే కథ మాత్రం ప్రతి ఏటా భాద్రపద శుద్ధ చవితి నాడు తెలుగు ఇళ్లలో చదువుకునే వినాయక వ్రతకల్పంలోనే ఉంది. కుడుములు, ఉండ్రాళ్లు కడుపారా ఆరగించిన వినాయకుడు కైలాసానికి చేరి తల్లిదండ్రులకు సాష్టాంగ నమస్కారం చేయబోతాడు. చేతులు నేలకు ఆనితే బొజ్జ ఆనదు, బొజ్జ ఆనితే చేతులు ఆనవు. ఆ అవస్థ చూసి శివుని శిరస్సున ఉన్న చంద్రుడు నవ్వుతాడు. ఆ నవ్వు చూపు తగిలి వినాయకుని బొజ్జ పగిలి ప్రాణం పోతుంది. పార్వతి ఆగ్రహించి, చంద్రుణ్ణి చూసినవారు పాపాత్ములై నీలాపనిందలు పొందుతారని శపిస్తుంది. నీలాపనింద అంటే చేయని తప్పుకు మోయవలసి వచ్చే అపవాదు.

ఆ శాపం మొదట ఎవరి మీద పడిందన్నది ఈ కథలో చాలామంది శ్రోతలు దాటిపోయే భాగం. ఋషిపత్నుల మీద మోహపడి క్షీణిస్తున్న అగ్ని కోసం అతని భార్య స్వాహాదేవి, అరుంధతి రూపం తప్ప తక్కిన ఆరుగురి రూపాలూ ధరిస్తుంది. ఆ రూపాలు చూసిన ఋషులు అవి తమ భార్యలేనని శంకించి, ఒక్క మాట అయినా అడగకుండా, ఏ తప్పూ చేయని ఆ ఆరుగురినీ విడిచిపెడతారు. బ్రహ్మ వచ్చి నిజం చెప్పి, వినాయకుణ్ణి బతికించే దాకా ఆ నింద తొలగలేదు. రూపాన్ని బట్టి శీలాన్ని నిర్ణయించడం, స్త్రీల మీద అనుమానం వాలడం, నిందితులకు నోరు లేకపోవడం అన్న మూడు లక్షణాలూ అందులో ఉన్నాయి. మంత్రగత్తెల వేటకు ఇంతకంటే క్లుప్తమైన నమూనా వెతికినా దొరకదు. దానికి మూలకారణంగా కథ చూపినది ఒక బొజ్జను చూసి నవ్విన నవ్వునే.

సంప్రదాయ వ్యాఖ్యానం దీన్ని చవితి చంద్రుణ్ణి చూడడం వల్ల కలిగే దోషంగా మాత్రమే చెబుతుంది. కథ నడిచిన క్రమాన్ని పట్టి చూస్తే ఇంకో అర్థం కూడా కనిపిస్తుంది. నవ్వినవాడు ఒక్కడు, నింద మోసినవారు వేరే వారు. ఒక దేహాన్ని చూసి నవ్వడం మామూలైపోయిన లోకంలో, రూపమే సాక్ష్యంగా చెల్లడం మొదలవుతుంది. అది మొదలైన తరువాత నింద ఎవరి మీదికి పాకుతుందో నవ్వినవాడి చేతిలో కూడా ఉండదు. నవ్విన చంద్రుడు కూడా నెలకోసారి చిక్కి నెలకోసారి నిండే దేహం కలవాడన్నది గమనించవలసిన మరో విషయం: శుద్ధ చవితి నాడు సన్నని రేఖగా ఉన్నవాడు పదకొండు రోజులు తిరిగేసరికి పూర్ణబింబమవుతాడు. పరిహసించే దేహమూ పరిహాసానికి గురయ్యే దేహమూ కాలానికి ఒకే విధంగా లోబడి ఉన్నాయని చెప్పడానికి ఇంతకు మించిన పాత్రను కథకులు ఎంచుకోలేరు.

అదే వ్రతకథలో రెండో భాగమైన శమంతకోపాఖ్యానం, నీలాపనింద పడిన తరువాత ఏం జరుగుతుందో చెబుతుంది. సత్రాజిత్తు వద్ద ఉన్న శమంతకమణిని కృష్ణుడు ఒకసారి అడిగాడన్న ఒక్క కారణంతో, దాన్ని ధరించి వెళ్లిన తమ్ముడు ప్రసేనుడు అడవిలో కనిపించకుండా పోగానే, కృష్ణుడే చంపి మణి కాజేశాడని సత్రాజిత్తు ప్రచారం చేస్తాడు. కృష్ణుడు ఊరివారిని వెంటబెట్టుకొని అడవికి వెళ్లి, ప్రసేనుని కళేబరం, సింహపు అడుగుజాడలు, చచ్చిపడిన సింహం, గుహ అని వరుసగా ఆనవాళ్లు చూపి, గుహలో జాంబవంతునితో, భాగవతం ప్రకారం, ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణిని తెచ్చి, రాజసభలో అందరి ఎదుటా జరిగినదంతా వివరించి సత్రాజిత్తుకు ఇచ్చేస్తాడు. తర్కశాస్త్రంలో నిరూపణ భారం అనే మాట ఉంది. ఆరోపణ చేసినవాడే దాన్ని రుజువు చేయాలి అన్నది దాని సారం. నింద ఆ భారాన్ని తలకిందులు చేస్తుంది, మోపినవాడు ఇంట్లో కూర్చుంటాడు, మోసినవాడు అడవులు పట్టి తిరుగుతాడు. సాక్షాత్తూ కృష్ణునికే అంత శ్రమ తప్పకపోతే, థైరాయిడ్ రిపోర్టు, పీసీఓడీ స్కానింగు, స్టెరాయిడ్ మందుల చీటీ ప్రతి బంధువుకూ చూపించి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవలసి వచ్చే సామాన్యురాలి అవస్థ చెప్పనక్కరలేదు. కథలో సత్రాజిత్తు సిగ్గుపడి, కూతురు సత్యభామను, మణిని కూడా సమర్పించుకుంటాడు. నేటి విచారణలో ఆ చివరి ఘట్టం మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ కథ మితిమీరిన భోజనాన్ని మెచ్చుకోలేదన్నది కూడా చెప్పవలసినదే. కడుపు నిండా తిన్న వినాయకుడు అవస్థపడ్డాడని కథ దాచకుండా చెబుతుంది; అయినా శాపం పెట్టినది తిన్నవానికి కాదు, నవ్వినవానికి. దేహానికి కలిగే ఇబ్బంది ఒకటి, ఆ ఇబ్బందిని చూసి లోకం చెప్పే తీర్పు మరొకటి అన్న వివేకం ఇక్కడ ఉంది. చరకసంహిత సూత్రస్థానం ఇరవై ఒకటో అధ్యాయంలో ఇదే వివేకం శాస్త్రరూపంలో కనిపిస్తుంది. మరీ పొడవైనవారు, మరీ పొట్టివారు, ఒంటినిండా వెంట్రుకలున్నవారు, అసలు లేనివారు, మరీ నల్లనివారు, మరీ తెల్లనివారు, మరీ లావైనవారు, మరీ బక్కవారు అని లోకం నిందించే ఎనిమిది రకాల దేహాలను ఆ అధ్యాయం పేర్కొంటుంది. ఆ ఎనిమిదిలో చివరి రెండింటికే అది లక్షణాలూ చికిత్సా వివరిస్తుంది. అతిస్థౌల్యం, అంటే మితిమీరిన లావు, ఆయుస్సును తగ్గిస్తుందని నిర్మొహమాటంగానే చెబుతూ, దాని కారణాలలో అతిభోజనంతో పాటు బీజస్వభావాన్ని, అంటే తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన తత్వాన్ని కూడా లెక్కిస్తుంది. లోకం నిందించిన చోట వైద్యుడు కారణాలు వెదికాడన్నది ఈ అధ్యాయం నుంచి గ్రహించవలసిన పాఠం.

తుమ్మపాలకు దగ్గరలోనే, శంకరం గ్రామం వద్ద, బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే బౌద్ధక్షేత్రాలు ఉన్నాయి; ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో అలెగ్జాండర్ రే జరిపించిన తవ్వకాల్లో అక్కడి స్తూపాలు, విహారాలు వెలుగు చూశాయి. ఆ ధర్మానికి చెందిన సంయుత్త నికాయంలో కోసల రాజు పసేనది కథ ఒకటి వస్తుంది. ద్రోణమంత అన్నం తిని, ఆయాసపడుతూ వచ్చి కూర్చున్న రాజును బుద్ధుడు పరిహసించలేదు, పాపివనలేదు; మితంగా తినేవారికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నెమ్మదిగా వస్తుందని ఒక గాథ మాత్రం చెప్పాడు. రాజు ఆ గాథను భోజనవేళ తనకు వినిపించమని సుదస్సనుడనే యువకుణ్ణి నియమించి, క్రమంగా నాళికెడు అన్నానికి తగ్గి, దేహం తేలికపడ్డాక ఆనందించాడు. చెప్పినవాడు హితుడు, విన్నవాడు తనంతట తాను దగ్గరకు వచ్చి కూర్చున్నవాడు, ఫలితం కొలిచినది రాజు సుఖంతో. ఈ మూడు షరతులలో ఏది లోపించినా ఆ మాట ఉపదేశం కాకుండా దండన అయ్యేది.

క్రైస్తవ సంప్రదాయంలో తిండిపోతుతనం ఏడు ఘోరపాపాలలో ఒకటి, సోమరితనం మరొకటి. ఆరో శతాబ్దంలో పోపు మొదటి గ్రెగొరీ ఆ జాబితాను స్థిరపరచిన నాటి నుంచి పాశ్చాత్య నీతిబోధలో దానికి పెద్ద చోటు ఉంది. అయితే ఆ బోధలో పాపం ఆశకు సంబంధించినది. సన్నగా ఉన్నవాడు కూడా రుచులకు బానిస కావచ్చునన్నది అందులో స్పష్టం. మతం మనసులో వెదికిన పాపాన్ని, మతం మీద నమ్మకం సడలిన ఆధునిక కాలం నడుము చుట్టుకొలతలో వెదుకుతున్నది. భారతీయ చింతనలోని కర్మవాదానికీ ఇదే గతి పట్టింది. పూర్వజన్మ కర్మ ఫలమని ఒకప్పుడు వైకల్యాన్ని చూసి అన్నవారే, ఇప్పుడు ఈ జన్మలోనే, నిన్నటి భోజనానికి ఈ రోజు ఒళ్లు అన్నట్టుగా తక్షణ కర్మఫలాన్ని చూపి, ఎదుటివారి బాధ నుంచి తమ చేతులు దులుపుకుంటున్నారు. కర్మసిద్ధాంతం మనిషికి తన నడతను తాను దిద్దుకోవడానికి ఇచ్చిన సాధనమే గాని, పక్కవాడి దేహాన్ని చూసి వాడి ఖాతా చదవడానికి ఇచ్చిన అధికారం కాదు.

అధిక బరువుకు వ్యక్తి శీలమే కారణమన్న వాదం లెక్కల ముందు కూడా నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 36 శాతం అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు. దేశవ్యాప్తంగా ఆ సంఖ్య 24 శాతం. రాష్ట్రంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి ఒక్కసారిగా శీలం చెడిందనుకోవడం కంటే, అందరికీ ఉమ్మడిగా మారినదేదో ఉందనుకోవడం సబబు. మారినది కంటికి ఎదురుగానే ఉంది. చోళ్లు, గంటెలు, సామలు తిన్న ఉత్తరాంధ్రలో, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత పాలిష్ పట్టిన వరి అన్నం మూడు పూటలా కంచంలోకి చేరింది; పేదవాడి ఆకలి తీర్చిన ఆ మేలును కాదనలేము గాని, అదే సమయంలో దంపుళ్లు, నూర్పిళ్లు, బిందెలతో నీళ్లు మోయడం వంటి పనులు యంత్రాలకు, కుళాయిలకు వెళ్లిపోయాయి. చెరకు పండించి, గానుగాడించి, బెల్లం దిమ్మలు చుట్టి, సహకార రంగంలో నడిచి మూతపడిన తుమ్మపాల చక్కెర కర్మాగారానికి చెరకు తోలి బతికిన సీమ ఇది. తీపిని పంటగా, జీతంగా, నైవేద్యంగా, అతిథిమర్యాదగా ఇంటింటికీ పంచిన వ్యవస్థ అంతటినీ వదిలేసి, దాని ఫలితం కనిపించిన ఒక్క దేహాన్ని బోనులో నిలబెట్టడం, ఊరి జ్వరానికి ఒక ముసలమ్మను కారణంగా చూపడం వంటిదే.

జీవశాస్త్రం చెప్పే సంగతులు కూడా ఇటే మొగ్గుతాయి. ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం 1986లో ప్రచురించిన పరిశోధనలో, డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మంది శరీర బరువు వారిని పెంచిన తల్లిదండ్రులతో కాక కన్నవారితో పోలింది. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోన్, అంటే కొవ్వు కణాలు స్రవించి మెదడుకు ఆకలిని గురించి కబురు పంపే రసాయనం, ఆకలి అన్నది కేవలం మనోబలానికి సంబంధించిన వ్యవహారం కాదని చూపింది. బరువు కారణంగా చులకనకు గురయ్యామని చెప్పినవారు తరువాతి నాలుగేళ్లలో స్థూలకాయులయ్యే అవకాశం మిగతావారికంటే ఎక్కువని 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలన తేల్చింది. మంచి కోసమే తిడుతున్నామన్న సమర్థన దీనితో కూలిపోతుంది. నింద తాను తొలగిస్తానన్న దాన్నే పెంచుతున్నది.

ఈ తీర్పు భారం వెండితెర మీద మరింత బాహాటంగా కనిపిస్తుంది. లావైన హాస్యనటుడు తెర మీదికి రావడమే నవ్వుకు సంకేతమైన పరిశ్రమలో, కథానాయిక పాత్రలు వేసే నటి ఒళ్లు చేయడం పత్రికలకు వార్త. తెలుగు ప్రేక్షకులు ఆదరించిన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో మరణించారు. అంతకు కొద్ది వారాల ముందు కొవ్వు తొలగించే శస్త్రచికిత్స చేయించుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ చికిత్సకూ మరణానికీ గల సంబంధాన్ని తేల్చడం వైద్యుల పని; బతికి ఉండగా ఆమె బరువు మీద వచ్చిన వ్యాఖ్యలను లెక్కపెట్టుకోవడం సమాజం పని. అదే ఏడాది నవంబరులో ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో వచ్చిన సైజ్ జీరో చిత్రం, అనుష్క నిజంగానే బరువు పెరిగి నటించగా, సన్నబడే కేంద్రాల మోసాన్ని కథగా తీసుకుంది. ఆ కేంద్రాల ప్రకటనల్లో పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన వేసే పద్ధతి విచారణలోని ఒప్పుకోలును గుర్తు చేస్తుంది: పాత దేహాన్ని పాపమని బహిరంగంగా ఒప్పుకున్నవారికే కొత్త దేహంతో ఊళ్లోకి ప్రవేశం.

అయితే లావుగా ఉన్నవారితో ఆరోగ్యం గురించి మాట్లాడనే కూడదా అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి భగవద్గీత పదిహేడో అధ్యాయంలో చెప్పిన వాఙ్మయ తపస్సు, అంటే మాటకు సంబంధించిన తపస్సు, ఒక గీటురాయిగా పనికివస్తుంది. ఆ లక్షణం ప్రకారం మాట ఎదుటివారిని కలవరపెట్టనిదిగా, సత్యంగా, ప్రియంగా, హితంగా ఉండాలి. నాలుగూ కలిసి ఉన్నప్పుడే అది తపస్సు. నలుగురి మధ్య విసిరిన మాట మొదటి షరతు దగ్గరే ఓడిపోతుంది, కారణం తెలియకుండా అన్న మాట రెండో దాని దగ్గర, ఎగతాళి మూడో దాని దగ్గర, దారి చూపని మాట నాలుగో దాని దగ్గర. తలుపు వేసి, ముందు విని, పరీక్షలు రాసి, మనిషి చేయగలిగినదాన్ని మాత్రమే చెప్పే వైద్యుడి మాట నాలుగింటా నెగ్గుతుంది. అదే అధ్యాయం శాస్త్రం చెప్పని ఘోరమైన ఉపవాసాలతో దేహాన్ని హింసించేవారిని ఆసురస్వభావులుగా లెక్కించింది. నెలలో పదిహేను కిలోలన్న హామీలకు లోబడి కడుపు మాడ్చుకునేవారికీ, మాడ్చుకొమ్మని తొందరపెట్టేవారికీ అది వర్తిస్తుంది.

ఇస్లాం ధర్మగ్రంథం ఒక సమూహం మరొక సమూహాన్ని, స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదని నలభై తొమ్మిదో అధ్యాయంలో నిషేధించింది. ప్రవక్త అనుచరుడు ఇబ్న్ మసూద్ పిక్కలు మరీ సన్నగా ఉన్నాయని తోటివారు నవ్వినప్పుడు, తీర్పుదినాన త్రాసులో అవి ఉహుద్ కొండకంటే బరువు తూగుతాయని ప్రవక్త అన్నట్టు హదీసు ఉంది. అక్కడ నవ్వుకు గురైనది సన్నదనం, ఇక్కడ లావు. రెండు చోట్లా ధర్మం తూచినది నవ్వినవారినే. వేరువేరు కాలాల్లో, వేరువేరు నేలల్లో పుట్టిన సంప్రదాయాలు ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడడం యాదృచ్ఛికం కాదు. దేహాన్ని సాక్షిగా పిలిచే న్యాయస్థానంలో రేపు ఎవరి వంతు వస్తుందో చెప్పలేమని అవన్నీ గ్రహించాయి.

కనుక స్థూలకాయం రోగమా, స్వభావమా, పరిస్థితుల ఫలమా అన్నది ఒక్కొక్కరి విషయంలో వైద్యులు తేల్చవలసిన ప్రశ్న. అది పాపమా అన్న ప్రశ్నకు మాత్రం ధర్మశాస్త్రంలోనూ వైద్యశాస్త్రంలోనూ చోటు లేదు. చిల్లంగి నెపంతో ముసలమ్మను కొట్టినవారిని అజ్ఞానులని ఈసడించే చదువుకున్న ఇళ్లు, తమ పందిళ్లలో, తరగతి గదుల్లో, ఆఫీసుల్లో అదే తర్కాన్ని మర్యాదస్తుల భాషలో నడుపుతున్నాయి. దాన్ని ఆపడానికి చట్టం వచ్చే దాకా ఆగనక్కరలేదు. బంధువు దేహం మీద మాట నోటి దాకా వచ్చినప్పుడు మింగేయడం, పక్కవారు అన్నప్పుడు నవ్వు కలపకుండా ఉండడం, చెప్పిన కారణాన్ని నమ్మడం ఏ ఇంటికైనా ఈ రోజే సాధ్యమైన పనులు. వాటితో మొదలుపెట్టవలసినది అన్నవారే గాని, అనిపించుకున్నవారు కాదు.